బాలప్ప లేని పుస్తకం

భానూరుకు కొద్ది దూరంలోని ఒక చిన్న ఊరి బడిలో ముత్యమ్మ పదకొండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. అంతకుముందు ఆమెది చేపల బతుకు. భర్త బాలప్ప వాగులో వల వేసేవాడు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని పటాన్‌చెరు దాకా నడిచి అమ్ముకొచ్చేది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి వాగు పాడయ్యాక బాలప్ప ఒక ఫ్యాక్టరీలో కూలీగా చేరాడు. పద్దెనిమిదేళ్లు డ్రమ్ములు దొర్లించి, చివరికి ఊపిరి అందక మంచం పట్టాడు. ఒక వానాకాలంలో పోయాడు. వాళ్లకు పిల్లలు లేరు.

బడిలో ఒకటో తరగతి చెప్పే సబియా టీచరుకు ముప్పై ఏళ్లుంటాయి. చదవడం నేర్చుకునే పిల్లల కోసం జిల్లా చరిత్రను చిన్న చిన్న కథలుగా రాయమని ఒక సంస్థ టీచర్లను అడిగింది. మిగతావాళ్లు కోటల గురించి, రాజుల గురించి రాస్తామన్నారు. సబియాకు మాత్రం వాగు గురించి రాయాలనిపించింది. మధ్యాహ్నం పిల్లలు తిని వెళ్లాక నోట్‌బుక్ పట్టుకుని వంటగదిలో ముత్యమ్మ పక్కన కూర్చుంది.

"గప్పుడు వాగు ఎట్లుండె పెద్దమ్మా?"

"తెల్లగ ఇసుక కనబడుతుండె బిడ్డా. నీళ్లు తాగుతుంటిమి."

అలా మొదలై నాలుగు రోజులు నడిచింది. కొర్రమట్ట చేప ఏ గుంటలో దాక్కుంటుందో, వల ఎలా అల్లుతారో ముత్యమ్మ చెప్పింది. నాలుగో రోజు, చేపలు చచ్చిన పొద్దు గురించి చెప్పింది. తెల్లవారి వాగుకు పోయేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయట. కుక్కలు తింటే అవీ చస్తాయని బాలప్ప మూడు రోజులు ఒక్కడే వాటిని ఏరి, ఇసుకలో గుంతలు తీసి పూడ్చాడట.

"నేను గూడ పోతనంటే వద్దన్నడు. చేతులు పొక్కినయి. ఎవ్వలకు సూపెట్టలే."

ఈ మాట ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. మరునాడు బొమ్మ వేయడానికి పనికొస్తుందని, బాలప్ప ఫోటో ఉన్న ఫ్యాక్టరీ గుర్తింపు కార్డును కవరులో పెట్టి తెచ్చి సబియా చేతిలో పెట్టింది.

సబియా కథ రాసి పంపిన ఏడు నెలలకు అచ్చు పుస్తకాలు బడికి వచ్చాయి. ముత్యమ్మ ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. పొయ్యి మీద పప్పు దించి, క్లాసు గుమ్మం దగ్గర కూర్చుంది. తనుశ్రీ అనే పిల్ల లేచి, వేలు పెట్టి చదివింది.

"అనగనగా ఒక వాగు. రాము వల వేశాడు. వలలో చేప పడింది. రాము ఇంటికి నడిచాడు. ఊరంతా చేపల పులుసు వండింది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ముత్యమ్మ ఇంకా వింటున్నట్టే కూర్చుంది. పుస్తకం అయిపోయిందని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఆయన ఏడి బిడ్డా?" అంది.

సబియా పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది. ఎర్ర తలపాగా చుట్టుకుని నవ్వుతున్న పడుచువాడు.

"ఈయనెవరు?"

"మొదటి మెట్టు పుస్తకంల ఒత్తులు ఉండొద్దంట పెద్దమ్మా. బాలప్ప అంటే 'ప' కింద ఒత్తు వస్తది. చిన్నపిల్లలు చదవలేరని పేరు మార్చిన్రు. చేపలు చచ్చిన ముచ్చట గూడ తీసేసిన్రు. పిల్లలు పరేషాన్ అయితరంట. నేను గొడవ పడ్డ. వాళ్లు వినలే."

"చదవరాకుంటె నేర్పాలె గద, బిడ్డా," అంది ముత్యమ్మ. గొంతులో కోపం లేదు. లేచి అన్నం వడ్డించడానికి వెళ్లింది.

ఆ సాయంత్రం సబియా హాజరు పట్టీ తెరిచి చూసింది. ఇరవై రెండు పేర్లలో పదిహేనింటికి ఒత్తులున్నాయి. ఆ పిల్లలంతా రోజూ పలక మీద తమ పేర్లు రాసుకునేవాళ్లే. ఆమె బడికి వచ్చిన ముప్పై పుస్తకాల్లోనూ రాము అన్నచోటల్లా కొట్టేసి, పెన్నుతో బాలప్ప అని రాసింది. బొమ్మను మాత్రం ఏమీ చేయలేకపోయింది. తీసేసిన పేజీని మళ్లీ పెట్టలేకపోయింది.

రెండు నెలల తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు పుస్తకాలు పాడు చేశారని మందలించి, వాటిని కట్టగట్టి తీసుకుపోయారు. మరో ముప్పై కొత్తవి పంపారు. సబియా ఈ సంగతి ముత్యమ్మకు చెప్పలేదు. కానీ వంటగది కిటికీ పక్కనే క్లాసు. పిల్లలు మళ్లీ రాము అని చదువుతుంటే ఆమెకు వినపడేది.

మరుసటి జూన్‌లో సంస్థవాళ్లు రెండో తరగతికి పుస్తకం అడిగారు. ఈసారి ఒత్తులు ఉండొచ్చన్నారు. సబియా ఆ మాట చెప్పాలని ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే వంటగదికి పరిగెత్తినట్టే వచ్చింది.

"పెద్దమ్మా, ఈసారి పేరు పెట్టొచ్చు. ఆ మూడు దినాల ముచ్చట మల్ల చెప్పవా? ఎట్లనైన రాస్త."

ముత్యమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తల ఎత్తలేదు.

"యాదికి లేదు మేడం," అంది.

"కొంచెమన్న..."

"శానేండ్లయింది గద మేడం. అంత మరిచిపోయిన."

ఆమె ఏదీ మరిచిపోలేదని సబియాకు తెలుసు. కాసేపు పక్కన కూర్చుని తనూ కొన్ని కాయలు తుంచింది. బెల్లు మోగాక, నోట్‌బుక్ తెరవకుండానే క్లాసుకు వెళ్లింది. ఆ ఏడాది ఆమె ఏ పుస్తకమూ రాయలేదు.