విప్పిన చెప్పులు

ఫొటో తీసే ముందు ఆయన ప్రతిసారీ కెమెరా అద్దం మీద ఊది, చొక్కా అంచుతో తుడుస్తాడు. భూకంపం తర్వాత బడి మైదానంలో వేసిన గుడారాల దగ్గర, సాయం అందుకుంటున్న పిల్లలను ఫొటోలు తీసి దాతలకు పంపడం ఆయన పని. పాలడబ్బానో దుప్పటో చేతికిచ్చాక, "చెప్పులు పక్కన పెట్టమ్మా. ఉత్తికాళ్లు చూస్తే నాలుగు దుప్పట్లు ఎక్కువ పంపుతారు" అంటాడు. మంచికే కదా అని ఆయన నమ్మకం. తల్లులు వంగి పిల్లల చెప్పులు విప్పుతారు. ఒక ముసలావిడ మాత్రం, "పళ్లు కూడా ఊడదీయమంటావా నాయనా? అవెప్పుడో పోయాయిలే" అంది. అందరితో పాటు ఆయనా నవ్వాడు.

ఆ సాయంత్రం కెమెరా ఆఫీసులో పెట్టి ఇంటికి వెళ్తూ, కుళాయి దగ్గర బిందె మోయలేక అవస్థ పడుతున్న ఒక పిల్లను చూసి, "ఇలా ఇవ్వమ్మా, నేను తెస్తా" అన్నాడు. ఆ పిల్ల బిందె దించి, చెప్పులు రెండూ విప్పి పక్కన పెట్టి, తల వంచుకుని నిలబడింది.

"ఎందుకమ్మా?"

"మీరు సాయం చేస్తే విప్పాలి కదా మామయ్యా?"

ఆయనకు తల కొట్టేసినట్టయింది. బిందె గుడారం దాకా మోశాడు గానీ, వాళ్లమ్మ ముఖం చూడలేకపోయాడు. మర్నాడు పొద్దున కెమెరా లేకుండా అదే కుళాయి దగ్గరికి వచ్చాడు. ఆయన్ని చూడగానే ఆ పిల్ల మళ్లీ చెప్పులు విప్పింది. ఆయన బిందె భుజానికెత్తుకుని అటు తిరిగి నిలబడ్డాడు. వెనక చెప్పుల చప్పుడు వినిపించాకే అడుగు ముందుకు వేశాడు.