కొత్తగరువు చేతిగంటల గురించి ఒక సవరణ

రెండేళ్ల క్రితం ఈ పత్రికలోనే కొత్తగరువు చేతిగంటల బృందం గురించి రాశాను. భీమవరం అవతల ఓ చిన్న చర్చిలో పన్నెండు మంది ఆడవాళ్లు పొడుగాటి బల్ల వెనక వరుసగా నిలబడి, చేతికొకటి చొప్పున ఇత్తడి గంటలు పట్టుకుని, ఎవరి స్వరం వచ్చినప్పుడు వాళ్లు మోగిస్తూ అందరూ కలిసి ఒక పాట పలికిస్తారని రాశాను. అంతవరకు నిజమే. మార్తమ్మ గారనే పెద్దావిడ, ఆవిడ కూతురు, మనవరాలు గ్రేస్ మూడు తరాలుగా అవే రెండు పెద్ద గంటలు మోగిస్తున్నారని, ఆ గంటలు ఇంకొకరి చేతికి లొంగవని కూడా రాశాను. అది నిజం కాదు.

ఆ వ్యాసం చదివి కాకినాడ నుంచి ఒకాయన కుటుంబంతో వెళ్లొచ్చి ఈ మధ్య నాకు ఫోన్ చేశారు. "బాగున్నాయండి గంటలు. కానీ మీరు రాసిన మనవరాలు లేదు. మానేసిందంట. ఆ రెండు పెద్ద గంటలూ బల్ల చివర ఊరికే పెట్టి ఉంచారు. వేరేవాళ్లు ముట్టుకోకూడదన్నారు" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆ ఊళ్లో ఆటో కోసం నిలబడిన సాయంత్రం గుర్తొచ్చింది. గ్రేస్ నన్ను సాగనంపడానికి వచ్చి, "నాకు చిన్న గంటలు కూడా నేర్చుకోవాలని ఉంది సార్. అది కూడా రాస్తారా?" అని అడిగింది. రాస్తానన్నాను. ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే మూడు తరాల కథకి ఆ మాట అడ్డం వచ్చింది. వదిలేశాను. ఆ మాటని వదిలేసిన చోటే ఆ అమ్మాయి ఆగిపోయిందని ఇప్పుడు తెలిసింది.

నంబరు సంపాదించి గ్రేస్‌తో మాట్లాడాను. రాజమండ్రిలో నాలుగైదు చర్చిల గంటలవాళ్లు నెలకోసారి కలిసి ప్రాక్టీసు చేస్తారు. ఒక్కో చేత్తో రెండేసి గంటలు పట్టడం, బల్ల ముందు నిలబడి బృందాన్ని నడిపించడం అక్కడ నేర్పుతారు. కొత్తవాళ్లని చేర్చుకునేది ఆ వచ్చే ఆదివారమే. బృందాన్ని నడిపించే పెద్ద పంపితేనే ఎవరినైనా తీసుకుంటారు. "మా మాస్టారు పంపరండి" అంది గ్రేస్. అందుకని బయల్దేరాను.

శనివారం ఉదయం ఆరున్నర ప్రాంతంలో కాకినాడ టౌన్ స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కాను. వెళ్లదలచుకున్నవాళ్లకి ఈ బండే మేలు. బస్సయితే మారాలి, ఖర్చూ ఎక్కువ. సామర్లకోట దాటాక ఎదుటి సీట్లోకి చేపల వ్యాపారం చేసే ఆవిడ వచ్చి కూర్చుంది. నిడదవోలులో కూతురి దగ్గరికి వెళ్తోంది.

"ఎందాకండి?" అంది.

"భీమవరం దగ్గర ఓ ఊరండి. చర్చిలో గంటలు వాయిస్తారు."

"గంటలు వినడానికి ఇంత పొద్దున్నే బయల్దేరారా? కాకినాడలో లేవా ఏంటి?"

"వాటితో పాట వాయిస్తారండి. ఒక్కొక్కళ్లకి రెండే గంటలు. ఒకళ్లు రాకపోతే పాటలో అంతమేర బోసి."

ఆవిడ కాస్త ఆలోచించి, "అయితే అక్కడ రానివాళ్లకే గౌరవం ఎక్కువన్నమాట. మా ఇంట్లో నేను రెండ్రోజులు లేకపోయినా ఎవరికీ తెలీదు" అని నవ్వింది. నిడదవోలులో దిగుతూ ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ ఎక్కడ వేడిగా ఉంటుందో చూపించి మరీ వెళ్లింది. బండి అక్కడ చాలాసేపు ఆగుతుంది. టిఫిను అక్కడే చేసేయండి.

తణుకు దాటాక కిటికీలోంచి దాళ్వా వరిచేలు, వాటి మధ్య రొయ్యల చెరువులు, నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. పదకొండు కావస్తుండగా భీమవరం టౌన్‌లో దిగాను. బస్టాండు వెనక లాడ్జిలో గది తీసుకున్నాను. ఫ్యాను, బకెట్టు, శుభ్రమైన దుప్పటి ఉన్నాయి, అంతకుమించి ఆశించొద్దు. పక్క మెస్సులో కొరమేను పులుసుతో భోజనం చేసి ఓ కునుకు తీశాను.

గ్రేస్ భీమవరంలోనే చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తోంది. ఇరవై మూడేళ్లుంటాయి. మూడున్నరకి డ్యూటీ దిగి షేర్ ఆటోలో నా పక్కనే కూర్చుంది. కొత్తగరువుకి కాలవ గట్టు మీదుగా అరగంట ప్రయాణం.

"తప్పు రాశానని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా సార్? ఫోన్లో చెప్తే అయిపోయేది."

"మాస్టారికి చెప్పాలి కదమ్మా."

"ఆయన మీ వ్యాసం లామినేషన్ చేయించి గోడకి పెట్టారు. మీ ఫొటోతో సహా. అందులో మీరు సన్నగా ఉన్నారు."

ఆటోలో ఇంకొకావిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత గ్రేస్ నెమ్మదిగా చెప్పింది. వ్యాసం వచ్చాక చూడ్డానికి మనుషులు రావడం మొదలైంది. ఆ ఏడాది ఈస్టర్ తర్వాత తనకి చిన్న గంటలు ఇమ్మని అడిగితే, వచ్చేవాళ్లు నిన్ను ఆ గంటలతో చూడ్డానికే వస్తున్నారు కదా అన్నారట మాస్టారు. మరుసటి ఏడాదీ అదే మాట. దాంతో మానేసింది. "నాకు ఆ పెద్ద గంటల మీద కోపం లేదండి. కానీ ఎప్పుడూ బల్లకి ఆ చివరే. ఈ చివర నిలబడితే పాట ఎలా వినబడుతుందో నాకు తెలీదు" అంది.

దావీదు మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. బృందాన్ని నడిపించేది ఆయనే. చర్చి మెట్ల మీద ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "రండి రండి. మీ పుణ్యాన మాకు కొత్త బల్లగుడ్డ వచ్చింది, అందరికీ చేతి తొడుగులు వచ్చాయి" అని లోపలికి తీసుకెళ్లారు. బల్ల మీద మెత్తని స్పాంజి పరుపు, దాని మీద ఎర్రగుడ్డ, గుడ్డ మీద చిన్న గంట నుంచి పెద్ద గంట దాకా వరుసగా. చివరి రెండూ మిగతా వాటికన్నా ఎక్కువ మెరుస్తున్నాయి. రోజూ తుడుస్తున్నారు, ఎవరూ మోగించడం లేదు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. కిరాణాకొట్టు రూతమ్మ గారు, అంగన్‌వాడీ టీచరు, పొలం నుంచి నేరుగా వచ్చి కాళ్లు కడుక్కున్న ఇద్దరు. గ్రేస్ వెనక బెంచీ మీద కూర్చుంది. మార్తమ్మ గారిని ఎవరో కుర్చీతో సహా తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టారు.

ప్రాక్టీసు మొదలయ్యేముందు నేను లేచాను. "ఆ గోడ మీద ఉన్నదాంట్లో సగం నేను కల్పించిందండి. మూడు తరాలూ అవే గంటలని మీరెవరూ నాతో అనలేదు. వేరేవి నేర్చుకోవాలని గ్రేస్ చెప్పింది, అది నేను రాయలేదు. తప్పు నాది. దాని కోసం మీరు ఆ అమ్మాయిని ఆపొద్దు" అన్నాను.

మాస్టారు గోడ మీది వ్యాసం దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "మా గురించి ఎవరూ ఎప్పుడూ రాయలేదండి. ఒకరు రాశారు. అందులో మేం చాలా గొప్పగా ఉన్నాం. అలాగే ఉండాలనుకున్నాం. ఇప్పుడొచ్చి అది తప్పంటే, మా బృందం ఏంటో మేం ఎవరిని అడగాలి?"

జవాబు కుర్చీలోంచి వచ్చింది.

"నన్నడుగు దావీదూ" అంది మార్తమ్మ గారు. "ఈయన ఆ రోజు వచ్చి, ఇవేనా అమ్మా మీ గంటలు అన్నాడు. నా ముందు అవే ఉన్నాయి, ఊఁ అన్నాను. ఎప్పట్నుంచీ అని అడిగితే కదా చెప్పేది."

"మరి ఎప్పట్నుంచి?" అన్నారు మాస్టారు.

"ఎప్పట్నుంచీ లేదు. మా రోజుల్లో ఎవరి ఒళ్లు ఎలా ఉంటే ఆ గంట. నాట్లప్పుడు భుజాలు లేవవు, చిన్నవి పట్టేవాళ్లం. చంటిబిడ్డ తల్లికి పెద్దవి ఇచ్చేవాళ్లం కాదు. మోగిన గంటని రొమ్ముకి ఆనించి ఆపాలి కదా, పాలతో ఉన్నదానికి ఎంత నొప్పి. దీని తల్లి నా కడుపులో ఉన్నప్పుడు నేను బల్లకి ఈ చిన్న గంటల చివర ఉన్నాను. నువ్వు అప్పుడు నిక్కరేసుకుని కిటికీ ఎక్కి చూసేవాడివి."

బల్ల వెనక నవ్వులు మొదలయ్యాయి. రూతమ్మ గారు, "కిటికీ సంగతి పేపర్లో రాయలేదేంటండీ?" అని నన్నడిగింది. మాస్టారు కూడా నవ్వాపుకోలేకపోయారు.

"సరే. మార్చి చూద్దాం" అన్నారు. గ్రేస్‌ని చిన్న గంటల దగ్గరికి, రూతమ్మ గారిని పెద్ద గంటల దగ్గరికి పంపారు. మిగతావాళ్లూ తలా ఒక చోటు జరిగారు.

ఆ పాట అందరికీ తెలిసిన క్రిస్మస్ పాటే. అయినా నాలుగు వరుసలు కూడా నడవలేదు. పెద్ద గంటలో నాలుక బరువుగా ఉంటుంది, మోత రావాలంటే చెయ్యి కాస్త ముందే ఊపాలి. చిన్నది తాకగానే పలుకుతుంది. పెద్దవాటికి అలవాటు పడ్డ గ్రేస్ ప్రతిసారీ తొందరపడింది. చిన్నవాటికి అలవాటు పడ్డ రూతమ్మ గారు ప్రతిసారీ ఆలస్యమయ్యారు. మధ్యలో ఉన్నవాళ్లు ఇద్దర్నీ చూసి గాభరా పడ్డారు.

"గ్రేసూ, నువ్వు పాటకి ముందు. రూతమ్మా, నువ్వు పాటకి వెనక. పాట ఎక్కడుందో ఇద్దరూ వెతికి తీసుకురండి" అన్నారు మాస్టారు.

"నా గంట వినబడట్లేదే మాస్టారూ!" అన్నారు రూతమ్మ గారు.

"వినబడుతుంది, తర్వాతి పాటలో."

మళ్లీ మొదట్నుంచి. మళ్లీ. చీకటి పడే వేళకి మొదటి చరణం పూర్తయింది. కుంటుతూనే అయింది. కానీ గ్రేస్ మానేసినప్పటి నుంచి పాట అడుగున బోసిగా ఉన్న చోట్లు నిండాయి. చివరి స్వరం మోగిన గంటని గ్రేస్ భుజానికి ఆనించి ఆపి, మెల్లగా బల్ల మీద పెట్టింది. మాస్టారు ఆ అమ్మాయికేసి చూడకుండా, తొడుగులు మడత పెడుతూ అన్నారు. "రేపు రాజమండ్రి వెళ్లు. నేను పంపానని ఫోన్ చేసి చెప్తాను. అక్కడ తప్పు కొడితే మాత్రం మన ఊరి పేరు చెప్పకు."

గ్రేస్ తన తొడుగులు విప్పి ఆయనకిచ్చింది. మార్తమ్మ గారే అంది, "చెప్పదులే. నీ పేరు చెప్తుంది."

ఆ రాత్రి ఆఖరి ఆటోలో లాడ్జికి వచ్చేశాను. ఆదివారం ఉదయం ఆరాధనలో పాత పద్ధతిలోనే వాయించారు. ఒక్క పాట మాత్రం మారిన చోట్లతో వాయించారు, రెండు చోట్ల తప్పింది. బయటికొచ్చాక ఆ తప్పుల గురించి ఊళ్లో ఎవరూ అనలేదు. ఆ పెద్ద గంటలు మళ్లీ మోగాయనే చెప్పుకున్నారు. గోడ మీది వ్యాసం తీసేయమని మాస్టారిని అడిగాను. "ఉండనివ్వండి, ఇప్పుడు రాసేదాన్ని దాని పక్కన పెడతాం" అన్నారు. అంతకన్నా అడగడం బాగుండదనిపించింది.

మధ్యాహ్నం భీమవరంలో రాజమండ్రి వైపు బండి ఎక్కాం. గ్రేస్‌కి తోడు రూతమ్మ గారూ వచ్చారు, కొట్టు మూసి మరీ. డబ్బాలో నిమ్మకాయ పులిహోర తెచ్చారు. దారిపొడుగునా ఇద్దరూ ఒట్టి చేతులు గాల్లో ఊపుతూ, తొందరపడితే ఒకరినొకరు గిల్లుకుంటూ సాధన చేశారు. పై బెర్తు మీద పడుకున్నాయన లేచి, "మీకేమైనా ఇబ్బందా అండి, అలా చేతులు విసురుతున్నారు?" అన్నారు. "పాట వాయిస్తున్నామండి" అంది గ్రేస్. "అలాగా" అని ఆయన మళ్లీ పడుకున్నారు.

మూడుకి ముందే రాజమండ్రిలో దిగాం. ప్రాక్టీసు జరిగే చోటికి వాళ్లని ఆటో ఎక్కించాను. నేనూ వస్తానంటే గ్రేస్ వద్దంది. "మీరుంటే మళ్లీ ఏదో ఒకటి రాస్తారు. ఈరోజు నన్ను తప్పులు కొట్టుకోనివ్వండి." న్యాయమే అనిపించింది. బస్ కాంప్లెక్సులో కాఫీ తాగి నాలుగు గంటల కాకినాడ బస్సెక్కాను.

గంటల గురించి నాకు తెలిసింది కొంచెమే. కానీ ఈసారి తిరుగు ప్రయాణంలో ఒకటి తోచింది. కొత్తగరువుకి నేను మొదటిసారి వెళ్లింది గంటలు చూడ్డానికి. అవి పట్టుకున్న మనుషుల్ని కూడా గంటల్లాగే చూసి వచ్చాను. వెళ్లేవాళ్లు ఇది ఎన్నాళ్లుగా వాయిస్తున్నారని అడక్కండి. తర్వాత ఏది నేర్చుకుంటారని అడగండి. పొలం నుంచి వచ్చే ఇద్దరిలో ఒకావిడకి బృందాన్ని నడిపించాలని ఉందట. శనివారం అడిగితేనే చెప్పింది.

ద్వారపూడి దాటాక ఫోన్ మోగింది. గ్రేసే. వెనక గంటల చప్పుడు, ఎవరో అంకెలు లెక్కపెడుతున్న గొంతు.

"చేర్చుకున్నారు సార్. మధ్య గంటల దగ్గర నిలబెట్టారు. అక్కడ అస్సలు రావట్లేదు నాకు" అంది. ఆ గొంతులో దిగులేమీ లేదు. "రాస్తారు కదా, ఒక్కమాట. ఏది రాసినా ఇప్పటికి ఇంతే అని రాయండి."

అందుకని ఇది ఇప్పటికి మాత్రమే. కొత్తగరువులో పెద్ద గంటలు రూతమ్మ గారి దగ్గర ఉన్నాయి. గ్రేస్ ఊళ్లో చిన్న గంటల దగ్గర, రాజమండ్రిలో మధ్య గంటల దగ్గర నిలబడుతోంది. మీరు వెళ్లేసరికి ఎవరెక్కడ ఉంటారో నేను చెప్పలేను. శనివారం సాయంత్రం నాలుగున్నరకి ప్రాక్టీసు ఉంటుంది. వెళ్లి చూడండి.