వెనక వరసకు వినబడాలని

కోహ్కాలో మేముంటున్న ఇంటి కింద కొత్తగా ఫర్నిచర్ దుకాణం పెట్టారు. పొద్దున్నే వాళ్ళు ప్లైవుడ్ పలకలు కోయడం మొదలుపెడితే, కాలిన చెక్కపొట్టూ పచ్చి జిగురూ కలిసిన వాసన మెట్లెక్కి మా వంటింట్లోకి వస్తుంది. మా వారికి అది బాగానే ఉంటుందట. నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను. ఆ వాసన మా సింహాచలం చిన్నాన్నది. ఎండాకాలం సెలవులన్నీ అదే వాసనలో గడిచిన ఒక ఇల్లుండేది, అందులో నవ్వే మనుషులుండేవారు, ఆ సంగతి తలచుకుని పొయ్యి దగ్గర నిలబడడం నాకు చేతకాదు.

దుర్గ్ పక్కన ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేసిన మా తాత, క్యాంప్ వన్ అనే కూలీల బస్తీలో, ఇద్దరు ఎదురైతే తప్పుకోలేని సందులో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. తాత పోయాక అందులో నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను, నాన్న తమ్ముడు సింహాచలం చిన్నాన్న, ఆయన భార్య పార్వతి పిన్ని, ఇందరం సర్దుకుని ఉండేవాళ్ళం. వేసవిలో వడగాలి ఎర్రటి దుమ్ముని తెచ్చి ఆరేసిన వడియాల మీద పోసేది, నాయనమ్మ తిట్టుకుంటూ వాటిని ఊదుకుంటూ కూర్చునేది, వీధిలోకి తెరుచుకునే ముందు గదిలో చిన్నాన్న పాత రేడియోలు విప్పుకుంటూ ఉండేవాడు. అదే ఆయన దుకాణం. టంకం పొగ, అమ్మ వేయించే ఎండుచేపల వాసన, పక్కింటి ఛత్తీస్‌గఢీ అవ్వ నూనెలో వేయించే శనగపిండి ఠేఠరీల వాసన, మూడూ కలిస్తే మాకది సాయంత్రం.

సందు చివర మన తెలుగువాళ్ళంతా కలిసి కట్టుకున్న ఒక పెద్ద హాలుండేది. రేకుల కప్పు, సున్నం వేసిన గోడలు, ఈ గోడ దగ్గర దగ్గితే ఆ గోడ దగ్గర మళ్ళీ దగ్గినంత పెద్దది. క్యాంపులో ఎవరింట పెళ్ళైనా అక్కడే. దుర్గ్ నుంచి పెద్ద సౌండు సెట్టు తెప్పించుకునే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి, ఒకే ఒక్క ఇనప బూరా కట్టేవారు. అది ముందున్న వాళ్ళ చెవులు కోసేది, వెనకున్న వాళ్ళకి తుమ్మెద రొదలా ఉండేది. చిన్నాన్న పెళ్ళి కూడా అలాగే జరిగింది. వెనక వరసల్లో కూర్చున్న పిన్ని వైపు వాళ్ళు మంత్రం వినబడక, పాట వినబడక, పరామర్శకి వచ్చినట్టు తలలు దించుకుని కూర్చున్నారట. పిన్ని ఆ మాట సరదాకే అనేది. చిన్నాన్న మాత్రం సరదాగా తీసుకోలేదు.

తరవాతి వేసవిలో ఆయన స్పీకరు పెట్టెలు కట్టడం మొదలుపెట్టాడు. మూతపడిన సినిమా హాలు సామాను అమ్ముతుంటే పళ్ళేలంత స్పీకర్లు సైకిలు మీద తెచ్చాడు. వాటి కాగితం చిరిగిన చోటల్లా పిన్ని పల్చటి గుడ్డా మైదా జిగురూ పెట్టి అతికింది. ప్లాంటుకి యంత్రాలు వచ్చిన చెక్క పెట్టెల పలకలు కోసి, బీరువా అంత ఎత్తున్న రెండు డబ్బాలు బిగించి, సందుల్లోంచి గాలి పోకూడదని జిగురులో రంపపు పొట్టు కలిపి పూశాడు. లోపల మెత్తగా ఏదైనా పరవకపోతే శబ్దం బోలుగా వస్తుందని తెలిసి, ఇల్లంతా వెతికి నాయనమ్మ బొంత తీసుకుపోయాడు.

"ఏటిరా, నా బొంత పెట్టిలో ఎట్టీసినావేటి?" అంది నాయనమ్మ గుమ్మంలో నిలబడి.

"దానికి కప్పకపోతే గోల పెడతాదమ్మా."

"నాకు కప్పకపోతే నేను ఎట్టనేనేటి గోల?" అంది ఆవిడ. పిన్ని నవ్వి నవ్వి గోడకి ఆనుకుపోయింది.

హాల్లో మొదటిసారి పెట్టినప్పుడు రేకుల కప్పు ఒక్కో మాటనీ నాలుగు మాటలు చేసి పారేసింది. బియ్యం దుకాణంలో ఖాళీ గోనెసంచులు అడిగి తెచ్చి గోడలకి వేలాడదీశాం. బరువైన దరువు నిండుగా రావాలని పెట్టెల్ని మూలలకి జరిపాడు, సన్నటి శబ్దం మనుషుల తలల మీంచి వెనకదాకా పోవాలని చిన్న బూరాలని బల్లలెక్కించాడు. పిన్నిని చివరి వరసలో నిలబెట్టి, తను మైకులో మాట్లాడేవాడు. మాట తెలిస్తే చెయ్యెత్తమన్నాడు. చాలాసేపు ఆమె చెయ్యి లేవలేదు. పెట్టె కొంచెం తిప్పడం, సంచి ఇంకోటి కట్టడం, మళ్ళీ మాట్లాడడం. ఎండ కిటికీల్లోంచి ఇవతలి గోడకి వచ్చేసరికి, "పార్వతీ, ఆకలేస్తాంది" అన్నాడు మైకులో. చివరి వరసలో చెయ్యి లేచింది.

ఆ తరవాత కొన్నేళ్ళు మా క్యాంపులో పండగ అంటే ఆ పెట్టెలే. వినాయక చవితికి ఉండ్రాళ్ళతో పాటు అవీ బయల్దేరేవి. క్రిస్మస్‌కి చరోదా రైల్వే కాలనీ నుంచి మన తెలుగువాళ్ళే వచ్చి తీసుకెళ్ళి, తిరిగి పంపేటప్పుడు వాటి మీద కేకు పొట్లాలు పెట్టి పంపేవారు. హోలీకి రంగు పడకుండా పిన్ని వాటికి పాత చీరలు చుట్టేది. పెళ్ళిళ్ళలో బూరెలు చేతిలో ఉండగానే ముసలమ్మలు చిందులేసేవారు. చిన్నాన్న ఒక పెట్టె మీద అరచెయ్యి ఆన్చి, శబ్దం వచ్చే దాని మూతి ముందే, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఇవతలికి రమ్మంటే వచ్చేవాడు కాడు. బిడ్డ నిద్రలో ఊపిరి చూసుకునే తల్లిలా ఉండేవాడు.

మొదట్లో ఆయన, చెవిలో కీచురాయి దూరింది అనేవాడు. పిన్ని నూనె కాచి పోసింది. కీచురాయి పోలేదు. తరవాత పాటలో గజ్జెల చప్పుడు తక్కువైందని సన్నటి శబ్దం పెంచడం మొదలుపెట్టాడు. జనం చెవులు మూసుకోసాగారు. "చిన్నోడా, గీ పెడతాంది, తగ్గించరా" అంటే, ఎక్కడా అన్నట్టు చూసేవాడు. వైర్లు మార్చాడు, బూరాలు మార్చాడు, తప్పు పెట్టెల్లోనే ఉందనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం.

వాళ్ళ పాప స్వాతి అప్పటికి ఇంకా ఉయ్యాల్లో ఉంది. ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఇంట్లో లేని వేళ, పిన్నీ అమ్మా నీళ్ళ కోసం కుళాయి దగ్గరికి వెళ్ళారు. నేను బడి నుంచి వచ్చేసరికి పాప ఏడుపు సందు మలుపు దాకా వినిపిస్తోంది. పిన్ని నా వెనకే బిందె పడేసి పరిగెత్తుకొచ్చింది. లోపలి గదిలో పాప ఏడ్చి ఏడ్చి నల్లబడిపోయి ఎక్కిళ్ళు పెడుతోంది. మధ్య తలుపు తెరిచే ఉంది. ముందు గదిలో చిన్నాన్న తల వంచుకుని టంకం పెట్టుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

పిన్ని పాపనెత్తుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది. "ఏటి, నీకు ఇనపడనేదా?"

ఆయన పాప మొహం చూశాడు, పిన్ని మొహం చూశాడు. "ఏడిసిందా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది మా అందరికీ. ఆయన టంకం కడ్డీ బల్ల మీద పెట్టేశాడు.

ఆ పెట్టెల మోతకి చెవి నరం చచ్చిపోయింది, వినికిడి తిరిగి రాదన్నాడు డాక్టరు. చెవిలో పెట్టుకునే మిషను కొంటే గోల పెరిగింది గానీ మాట తెలియలేదు. పెట్టెల దగ్గరికి ఇక వెళ్ళొద్దని పిన్ని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఆయన ఇంకో రెండు పండగలు వెళ్ళాడు, మిగిలింది కూడా పోయింది. ఈలోగా దుర్గ్ నుంచి డీజే బళ్ళు రావడం మొదలైంది. మా పెట్టెలు వసారాలో పడి వానకి ఉబ్బిపోయాయి. నాన్న వాటిని విప్పి చెక్కని పొయ్యిలోకి వాడాడు. చిన్నాన్న చూస్తూ ఊరుకున్నాడు.

అప్పటి నుంచి ఆయనకి మాట అంటే పిన్ని పెదవులే. ఆమె నెమ్మదిగా, ఆ శ్రీకాకుళం తెలుగులో, ఒక్కో మాటా విరిచి చెప్పేది. ఆయన కళ్ళతో అందుకునేవాడు. ఆమె తరవాత కొంచెం నావి చదవగలిగేవాడు. స్వాతి మాటలు మాత్రం అందేవి కావు. ఆ పిల్ల బడిలో, వీధిలో, స్నేహితులతో హిందీలో పెరిగింది. తెలుగు రెండు మాటలాడి మూడోది హిందీలో పూర్తి చేసేది, అదీ గబగబా. "మెల్లగా చెప్పే, నాన్నకి తెలుగులో చెప్పు" అని పిన్ని పట్టుకుని కూర్చోబెట్టేది. పిల్ల ప్రయత్నించేది, తడబడేది, విసుక్కుని లేచిపోయేది. ఆయన ఆ పెదవుల వైపే చూస్తూ, అర్థమైనట్టు నవ్వేవాడు. అర్థం కాలేదని పిల్లకి తెలుసు. అలా ఒక ఇంట్లో తండ్రీ కూతురూ తలలూపుకుంటూ బతికారు.

పిన్ని ఒక వానాకాలంలో జ్వరంతో పోయింది. మాట చెప్పే పెదవులు ఆ ఇంట్లో ఇక లేవు.

కిందటి ఏడు స్వాతికి నాగపూర్ సంబంధం కుదిరి, పగటి ముహూర్తానికి పెళ్ళి చేశాం. మా రేకుల హాలు కూలిపోయి చాన్నాళ్ళయింది. కోహ్కాలో చల్లటి గాలి తిరిగే అద్దాల హాలు తీసుకున్నాం. అప్పగింతలప్పుడు పెళ్ళికొడుకు వైపు కుర్రాళ్ళు డీజే బండిని గేటు దగ్గరే ఆపి చిందులేస్తున్నారు. కారెక్కబోతూ స్వాతి వెనక్కొచ్చి, తండ్రి మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, ఏడుస్తూ ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. ఆయన కన్నార్పకుండా ఆమె పెదవుల్నే చూశాడు. తలూపాడు. కారు వెళ్ళిపోయింది.

"ఏటన్నాదే అది?" అని అడిగాడు నన్ను.

నేను వాళ్ళ పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో ఉన్నాను. ఆ డీజే మోతలో నాకూ ఒక్క ముక్క వినబడలేదు.

క్యాంపులో ఆ సందు ఇప్పుడూ ఉంది, ఇళ్ళు మేడలయ్యాయి. నాయనమ్మ లేదు, అమ్మా నాన్నా లేరు, హాలు లేదు, వీధిలో తెలుగు వినబడటం కూడా తగ్గిపోయింది. ఆ ఇంట్లో చిన్నాన్న ఒక్కడే ఉంటాడు. ఆదివారాలు వెళ్ళి కూర వండి పెట్టి, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడి వస్తాను. మొన్న వెళ్ళినప్పుడు మళ్ళీ అదే అడిగాడు, స్వాతికి ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. ఆయన ముందే చేశాను.

"ఏదో అన్నాను దీదీ, యాద్ నహీ" అంది ఆ పిల్ల.

ఫోన్ పెట్టేసి, గుర్తు లేదంట చిన్నాన్నా అని పెదవులు విరిచి చెప్పాను. ఆయన అందుకున్నాడు. కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"సర్లే," అన్నాడు కాసేపటికి. "ఒకటి రెండు మాటలు అందినట్టే అనిపించినాయి నాకు. తెలుగులో అన్నాదేమో అనుకున్నాను."