సుబ్బలక్ష్మి నెట్ సెంటర్, మల్లేశం సీడీ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, కొత్తగూడ చౌరస్తా దగ్గర సుబ్బలక్ష్మి నెట్ సెంటర్ షట్టర్ ఎప్పుడూ సగమే లేచి ఉండేది. బందు పిలుపు వస్తే చటుక్కున కిందికి లాగెయ్యడానికి. ఆమెది తెనాలి. భర్త సుబ్రహ్మణ్యానికి హైదరాబాదు బదిలీ అయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ గది అద్దెకు తీసుకుని కంప్యూటర్లు పెట్టింది.

ఇంటి యజమాని పుల్లయ్య పై అంతస్తులో ఉంటాడు. కంపెనీలు రాకముందు ఆ చుట్టుపక్కలే జొన్న పండించిన మనిషి. ఇదివరకు మెట్లు దిగుతూ "ఏమమ్మా, చాయ్ తాగినవా?" అని పలకరించేవాడు. సమ్మె మొదలయ్యాక తల ఊపి వెళ్ళిపోతున్నాడు. ఆమె కూడా ఫోన్ మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేది, తన యాస రోడ్డు మీదికి వినబడకూడదని.

అప్పుడే మల్లేశం రావడం మొదలుపెట్టాడు. సిద్దిపేట వైపు మనిషి, మాదాపూర్‌లో ఏదో కంపెనీలో ఉద్యోగం. ఎప్పుడొచ్చినా గోడవైపు మూల సీటే కావాలనేవాడు. కూర్చోగానే కంప్యూటర్ ఆపేసి, సంచిలోంచి ఒక సీడీ తీసి పెట్టి, మళ్ళీ ఆన్ చేసేవాడు. రోజూ కనిపించే పచ్చిక కొండ బొమ్మ బదులు వంకాయరంగు తెర వచ్చేది.

ఏ సీట్లో ఎవరున్నారో సుబ్బలక్ష్మికి కౌంటర్ దగ్గరి కంప్యూటర్లో తెలుస్తుంది. మూల సీటు మాత్రం ఆపేసి ఉన్నట్టు చూపించేది. ఎదురుగా మనిషి టకటకా టైపు చేస్తున్నాడు, తెరమీద చూస్తే ఆ సీటు ఖాళీ.

"ఏంటండీ ఆ సీడీ?" అని అడిగింది.

"వేరే సిస్టమ్ మేడం. మొత్తం సీడీ మీదనే నడుస్తది. మీ హార్డ్‌డిస్క్ ముట్టదు. బంద్ చేసినంక నేను ఈడ కూసున్నట్టు గూడ ఉండదు."

ఆమెకు ధైర్యం చెప్పడానికే అన్నాడేమో గానీ, ఆ చివరి మాట లోపల ముల్లులా దిగింది. కూర్చున్నట్టు కూడా తెలియకూడదని ఎవరనుకుంటారు? అతను వెళ్ళగానే ఆ సీట్లో కూర్చుని వెతికింది. ఏమీ లేదు. ఏమన్నా దొరికినా అంత భయపడేది కాదు. చీపురు పట్టుకుని అతని వెనకగా నడిస్తే, అతను తెర మార్చేసేవాడు.

ఇంతలో పుల్లయ్య కూతురు అనూష విషయం బయటపడింది. ఇంజినీరింగ్ చదువుతున్న ఆ పిల్ల మెయిల్‌లోకి ఎవరో దూరి, ఆమె పేరుతో స్నేహితులందరికీ బూతులు రాశారు. పుల్లయ్య కిందికి దిగివచ్చాడు.

"మా పిల్ల ఇంకేడ మెయిల్ తెరవలేదమ్మా, నీ కాడనే తెరిచింది. ఆంధ్రోళ్ళను నమ్మకుమని అందరంటే నేనే కాదన్న. ఇగ ఇప్పుడేమనాలె?"

"అంత మాట అనకండి. ఎవరో నాకు తెలుసు. రేపు మీరే ఉండి అడగండి," అంది.

మర్నాడు మల్లేశం సీడీ తీయగానే ఆమె అడ్డంగా చెయ్యి పెట్టింది. పుల్లయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ముందు చెప్పండి. అనూష పాస్‌వర్డ్ ఎలా తీశారు?"

మల్లేశం ముఖం ఎర్రబడింది. "నేను తీసుడేంది? మీ సిస్టమ్ మీద నమ్మకం లేకనే సీడీ తెచ్చుకుంటున్న! సమ్మె కరపత్రాలు రాసి పంపుతున్న. ఆఫీసుల తెలిస్తే నౌకరి పోతది. ఈడ ఆంధ్రామె సెంటర్, ఎవరేం కొడుతున్నరో చూస్తదేమోనని నాకు డౌటు."

సుబ్బలక్ష్మి అడ్డం పెట్టిన చెయ్యి తీసేసింది. ఇన్నాళ్ళూ తను అతన్ని అనుమానిస్తుంటే, అతను తనను అనుమానిస్తున్నాడు.

"ఆ పిల్ల ఏ సీట్ల కూసుంటది?" అన్నాడు మల్లేశం. కౌంటర్ పక్క సీటు చూపించింది. అతను దాన్ని సీడీతో తెరిచి, లోపలి ఫోల్డర్లు ఒక్కొక్కటే వెతికాడు. కాసేపటికి ఆగాడు.

"ఇగో. కొట్టిన ప్రతి అక్షరం దొంగతనంగ పంపే ప్రోగ్రాం. మీ సిస్టమ్ నడిచేటప్పుడు ఇది కనబడకుంట దాక్కుంటది. ఇప్పుడు మీ సిస్టమ్ పండుకున్నది గద, దొరికింది. ఈ మెయిల్‌కు పోతున్నయి. ఎవరిది మేడం?"

సుబ్బలక్ష్మి వంగి చూసింది. ఆ అడ్రస్ ఆమెకు తెలుసు. కూకట్‌పల్లిలో ఉండే అక్క కొడుకు ఆదర్శ్‌ది. ఈ కంప్యూటర్లన్నీ బిగించింది వాడే. పాడైతే వచ్చి బాగుచేసేదీ వాడే.

"ఎవడో లఫంగిగాడు. ఈమెకేం తెలుస్తది?" అన్నాడు పుల్లయ్య.

ఊరుకుంటే అక్కడితో పోయేది. కానీ, "మా అక్క కొడుకుదండీ," అంది.

పుల్లయ్య ఆమెవైపు తేరిపార చూశాడు. "నువ్వు పెట్టించినవా?"

"లేదండీ."

నమ్మాడో లేదో చెప్పకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆదర్శ్‌ని పిలిచి అడిగితే ముందు కాదన్నాడు, తర్వాత సరదాకి చేశానన్నాడు. పుల్లయ్య ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. సుబ్బలక్ష్మి వెళ్ళి జరిగింది చెప్పింది. సొంత పిల్లాడిని పోలీసులకు పట్టించావంటూ అక్క మాటలు మానేసింది.

పుల్లయ్య గది ఖాళీ చెయ్యమనలేదు. కానీ నెలనెలా అనూషను కిందికి పంపేవాడు. మల్లేశం దగ్గర నేర్చుకున్న ఆ పిల్ల, సీడీ పెట్టి ప్రతి కంప్యూటరూ తనిఖీ చేసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయేది. సుబ్బలక్ష్మి అడ్డు చెప్పలేదు. పక్కనే నిలబడి తనూ చూసేది.

అలా వచ్చినప్పుడు ఒకసారి, పని అయిపోయాక అనూష గుమ్మం దగ్గర ఆగింది.

"ఆంటీ, మీ పాస్‌వర్డ్ మార్చుకున్నరా?"

సుబ్బలక్ష్మి మార్చుకోలేదు. అందరి ఉత్తరాలూ చదివినవాడు తనవీ చదివి ఉంటాడన్న ఆలోచన అప్పటిదాకా ఆమెకు రానేలేదు.