భారతమ్మ ఎండబెట్టిన తివాచీ

చిత్తూరులో బెల్లం మండీ వెనక సందులో ఎవరి బట్ట మీద ఏ మరక పడినా అది ముందు భారతమ్మ దగ్గరికి వెళ్ళేది, ఆ తర్వాతే చాకలి దగ్గరికి. ఆమె మండీ వ్యాపారి పరంధామయ్య భార్య. మరకలు తీయడం ఆమెకు వృత్తి కాదు, సేవ అసలే కాదు. ఇలాంటివాళ్ళను సన్మాన సభల్లో సేవామూర్తులని పిలిచేసి శాలువా కప్పేస్తారు. ఆమె ఒప్పుకునేది కాదు. ఆమెకు గెలవడం ఇష్టం, పక్కింటి సంగతులు ఇష్టం. మరక ఈ రెండింటికీ దారి చూపించేది.

తెచ్చినవాళ్ళను వరండాలోనే నిలబెట్టి అడిగేది.

"ఏం పడింది? ఎప్పుడు పడింది? ఎవురు పోసినారు?"

మొదటి రెండు ప్రశ్నలూ మరక కోసం. మూడోది తన కోసం. జవాబు సరిగా రాకపోతే బట్ట ముట్టేది కాదు. కాఫీ పడిందంటే వెంటనే చన్నీళ్ళు. నెయ్యి పడితే బియ్యప్పిండి చల్లి తెల్లారేదాకా వదిలెయ్యడం. సిరా పడితే పుల్లటి మజ్జిగ. కొవ్వొత్తి మైనం కారి ఉంటే అద్దుడు కాగితం పరిచి, దాని మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఏం పడినా సరే, గుడ్డ చేతికివ్వగానే ఆడవాళ్ళు చేసే మొదటి పని గట్టిగా రుద్దడం. అది చూస్తే ఆమెకు ప్రాణం పోయినంత పని.

"రుద్దొద్దంటే! అద్దు, అద్దు. రుద్దితే మరక లోపలికి పోయి సంసారం పెడతాది."

అన్నీ పోయేవని కాదు. మామిడి సొన ముందు ఆమె విద్య పారలేదు. ఆ ఊళ్ళో మామిడి సొన అంటని పంచె ఉండదు. అలాంటి పంచె వస్తే నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని, ఐదో రోజు మడిచి ఇచ్చేసేది. "ఇది మరక గాదప్పా, పంచె రంగే ఇట్లుండాది. కట్టుకో." చేత కాలేదన్న మాట ఆమె నోట విన్నవాళ్ళు ఆ సందులో లేరు.

ఎదురు మిద్దె మెహరాజ్ బేగంది. భర్త కాశిం సాహెబ్‌కు బజారులో పరుపుల అంగడి. భారతమ్మ, మెహరాజ్ పాతికేళ్ళుగా ఎదురెదురు ఇళ్ళలో ఉన్నారు. వీళ్ళ స్నేహాన్ని ఎవరైనా మతసామరస్యానికి నిదర్శనంగా చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ఉపన్యాసానికి పనికొచ్చేంత మంచివాళ్ళు కారు ఇద్దరూ. కుళాయి దగ్గర బిందె ముందు పెట్టిందెవరన్న గొడవతో వారాల తరబడి మొహాలు తిప్పుకున్న రోజులున్నాయి. ఒకరి వంట ఇంకొకరు తినేవాళ్ళు కారు. ఒకరితో ఒకరు మాట్లాడకపోతే మాత్రం ఇద్దరికీ పొద్దు పోయేది కాదు.

మెహరాజ్ దగ్గర ఒక తివాచీ ఉండేది. పావురం రంగు ఉన్ని, చుట్టూ దానిమ్మ రంగు అంచు. ఆమె పుట్టిల్లు వాలాజాపేట. పెళ్ళప్పుడు తల్లి అక్కడి మగ్గాల వెంట తిరిగి, తానే ఏరి కొనిచ్చింది. తల్లి పోయింది. అన్నలు చిత్తూరు వచ్చినప్పుడల్లా కూర్చునేది దాని మీదే. పరవకపోతే అడిగి మరీ పరిపించుకునేవాళ్ళు. మిగతా రోజుల్లో వేపాకు పొరలతో చుట్టి మంచం కింద ఉంచేది.

డెబ్బై ఎనిమిది వేసవిలో భారతమ్మ కోడలు పంకజాక్షికి సీమంతం వచ్చింది. పాకాల నుంచి వియ్యపురాలు గంగులమ్మ వస్తుంది. గంగులమ్మ కిందటిసారి వచ్చినప్పుడు వసారాలో పరిచిన జంపఖానాను కాలితో కొంచెం కదిలించి, "మా పాకాల్లో రైల్వేవాళ్ళ ఇండ్లలో గూడా ఇప్పుడు సోఫాలే వదినా" అని వెళ్ళింది. భారతమ్మ ఆ మాటను ఏడాదిగా మోస్తూ ఉంది. ఎన్నడూ ఎవరి దగ్గరా ఏదీ అరువడగని మనిషి, సందు దాటి వెళ్ళి తివాచీ అడిగింది.

మెహరాజ్ తటపటాయించింది. "ఇస్తానక్కా. కానీ నెలాఖరు ఆదివారం మా కూతురు షమీమ్ నిఖా. పెండ్లికొడుకునీ మా అన్నల్నీ దాని మీదే కూర్చోబెట్టాల. అమ్మ లేదు, అదైనా ఉండాల గదా."

"నాకిచ్చి బయపడతావా? మరక పడితే తీసేదానికి యాడికి పోవాల నువ్వు?"

"అదీ నిజమే" అంది మెహరాజ్. ఇద్దరూ కలిసి తివాచీని సందు దాటించారు.

భారతమ్మ లెక్కంతా ముందే వేసుకుంది. పేరంటానికి వచ్చినవాళ్ళ కాళ్ళకు పసుపు పూయకుండా పంపకూడదు. పచ్చి పసుపు కాలితో తివాచీ తొక్కనివ్వనూ కూడదు. కాబట్టి పసుపు పూత వరండాలో, పీట మీద, వెళ్ళేటప్పుడు. భారతమ్మ వంటింట్లో చక్కెరపొంగలి చూస్తుండగా గంగులమ్మ పసుపు గిన్నె అందుకుంది. కూర్చున్న ముత్తైదువలను లేపి వరండాలోకి నడిపించి పూయడం ఏం మర్యాద అనుకుంది. నూనె వేసి రంగరించిన పసుపును, కూర్చున్నచోటే అందరి పాదాలకూ చీలమండల దాకా పట్టించింది. అంతలో ఎవరో విస్తళ్ళు వేశారని కేక వేశారు. అందరూ లేచి, తివాచీ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, భోజనాలకు వెళ్ళారు.

భారతమ్మ వచ్చి చూసేసరికి తివాచీ నడిమధ్యన పచ్చటి పాదాలు బారులు తీరి ఉన్నాయి.

చుట్టాలు వెళ్ళగానే పని మొదలుపెట్టింది. పసుపులో నూనె ఉంది, నూనె పోవాలంటే సోడా. చెయ్యి అలవాటుగా చాకలి సోడా డబ్బా మీదికి వెళ్ళిపోయింది. ప్రతి హారతికీ పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసే చెయ్యే అది. పసుపుకు క్షారం తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. కంగారులో తోచలేదు. సోడానీళ్ళు పడ్డ పాదమల్లా కళ్ళముందే నెత్తురు రంగులోకి తిరిగింది.

రెండు రోజులుండి వెళదామని ఆగిన గంగులమ్మ వచ్చి చూసి చెంపలేసుకుంది. "ఎర్ర పాదాలు! వదినా, అమ్మవారు నడిచిపోయింది మీ ఇంట్లో. కడగొద్దు, పాపం తగులుతాది."

"నడిచింది మీ తోడికోడలు" అంది భారతమ్మ. "ఈ చదును పాదం ఎవురిదో నాకు తెలీదా? అమ్మవారికి ఇంత చదును పాదమా?"

"నవ్వు, నవ్వు. కడుపుతో ఉండే బిడ్డ ఉండాది ఇంట్లో."

గంగులమ్మ ఊరికే ఉండలేదు. పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళను పిలుచుకొచ్చింది. వాళ్ళలో ఒకామె ఆ పాదాల మీద కుంకుమ చల్లబోయింది. భక్తి ఎంత తొందరగా కొత్త మరకకు సిద్ధపడుతుందో చూడండి. భారతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "అమ్మవారు మా ఇంటికొచ్చేదుంటే మా జంపఖానా మీద నడుస్తాది తల్లీ. ఊరోళ్ళ తివాచీ మీద ఆమెకేం పని?"

నిమ్మరసం అద్దితే ఎరుపు దిగింది. పాదాలు మళ్ళీ పసుపు రంగుకు వచ్చి అక్కడే నిలిచిపోయాయి. చన్నీళ్ళు, మజ్జిగ, కుంకుళ్ళు, ఏదీ వాటిని కదిలించలేదు. మిగిలింది ఎండ ఒక్కటే. పసుపంటిన చీరలను ఆమె ఎప్పుడూ ఎండలో వేసే తెల్లబరిచేది. చిత్తూరు మే నెల ఎండకు లోటు లేదు. లోటు చాటుకు. ఎండ ఉండేది మిద్దె మీద. ఆ మిద్దె మెహరాజ్ కిటికీకి ఎదురుగా ఉంది.

"పోయి చెప్పెయ్యే. ఆయమ్మ ఏమనదు" అన్నాడు పరంధామయ్య.

"నువ్వు ఊరికే ఉండబ్బా. పోయినాక చెబుతా. మరక పోయినాక చెప్పేదేముండాది?"

తివాచీని మిద్దె ఎక్కించి, పాదాలు పడ్డ నడిమి భాగాన్ని మాత్రం ఎండకు వదిలింది. అటూ ఇటూ ఉన్నదాన్ని ఈతచాపలతో కప్పి, చాపల మీద బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. అవతలి నుంచి చూస్తే వడియాలే కనిపిస్తాయి. మధ్యలో ఉన్నది పిట్టగోడ చాటున పడుతుంది.

కిటికీలోంచి మెహరాజ్ కేక వేసింది. "అక్కా! ఏం వడియాలు అన్ని పెట్టినావు? అంగడి తెరుస్తావా?"

"కోడలికి నోటికి హితవుగా ఉంటాయని!"

"పాపం, ఎంత తింటాదో ఆ బిడ్డ. మాకు కొన్ని పచ్చివే పంపు, మేమే వేయించుకుంటాం, పెండ్లి పనుల్లో నాకు కూర చేసేదానికి కూడా తీరిక లేదు."

"పంపుతాలే."

"తివాచీ బాగుండాదా?"

"చుట్టిపెట్టినాను" అంది భారతమ్మ.

రోజూ ఎండలో గొడుగేసుకుని కూర్చుని కాకులను తోలుతూ కాపలా కాసింది. పాదాలు ఒక్కొక్కటే సన్నబడ్డాయి. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత మడమలు. నిఖాకు ఇంకా వారం ఉందనగా ఒక్క పాదం కూడా మిగలలేదు. ఆమె మొహం వెలిగిపోయింది. భర్తను పైకి పిలిచి, చాపలు లాగేసింది.

చాపల కింద దాగిన తివాచీ పావురం రంగులోనే ఉంది. ఎండ తగిలిన నడిమి పట్టీ వెలిసి బూడిదలా పాలిపోయింది. నదికి గట్లు వేసినట్టు హద్దు కూడా స్పష్టంగా కనబడుతోంది.

పరంధామయ్య వంగి చూశాడు. మంచివాడే, కానీ మాట ఎక్కడ ఆపాలో తెలియనివాడు. "మరకైతే పోయిందే" అన్నాడు.

భారతమ్మ చాపలు పక్కకు తోసింది. ఎండ రంగు తీస్తుందని తెలుసు. అందుకే పసుపు పోయింది. మొత్తం ఒకేలా ఎండలో వేసి ఉంటే తివాచీ అంతా సమంగా వెలిసేది. దాచిపెట్టిన చాపలే హద్దు గీశాయి. ఇక అద్దడానికీ, చల్లడానికీ ఏమీ లేదు. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి పిలిచింది.

"మెహరాజూ, ఒకసారి రా."

మెహరాజ్ వచ్చింది, చూసింది. వంగి, వెలిసిన చోట అరచెయ్యి పెట్టింది. తర్వాత లేచింది.

"వడియాలంటివే!"

"మెహరాజూ..."

"చుట్టిపెట్టినానంటివే! ఆ కిటికీలో నిలబడి రోజూ అడిగినా గదా నేను. తివాచీకి ఏమన్నా అయితే అయ్యింది. అల్లా ఇచ్చినాడు, అల్లా తీసినాడు. నాతో అబద్ధమెందుకు చెప్పినావు? నాకు కోపమొస్తాదని బయమా?"

"నీ కోపానికి ఎవురు బయపడతారు? ఓడిపోయినానని నీకు తెలుస్తాదని."

"తెలిసింది ఇప్పుడు" అంది మెహరాజ్. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తివాచీని చూసింది. తుడుచుకున్న చేత్తోనే అంచు పట్టుకుంది. "పట్టు ఆ పక్క. ఏం చేస్తే కలిసిపోతాదో చెప్పు."

"ఆ నడిమిది కప్పి, మిగిలిందంతా ఎండబెట్టాల. కలిసేదాకా."

"ఈడ కాదు. మా మిద్దె మీద. నా కళ్ళముందు."

ఆ వారమంతా తివాచీ మెహరాజ్ మిద్దె మీద, సందంతా చూస్తుండగా ఎండింది. కింద పెళ్ళివారింట్లో దమ్ బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతుంటే, పైన భారతమ్మ గొడుగు కింద కూర్చుని, నీడ పడిన చోటల్లా తివాచీ జరుపుతూ ఉండేది. మెహరాజ్ పని మధ్యలో పైకి వచ్చి, ఆమె పక్కన కూర్చుని కాసేపు తిట్టి, కిందికి దిగేది. ఆదివారానికి హద్దు దాదాపు కలిసిపోయింది. తివాచీ మాత్రం పావురం రంగుది కాదు. ఏ రంగో చెప్పాలంటే పేరు లేదు.

నిఖా నాడు మగవాళ్ళు హాలులో, ఆడవాళ్ళు తెర అవతల లోపలి గదిలో కూర్చున్నారు. మెహరాజ్ పెద్దన్న తివాచీ మీద కూర్చోబోతూ ఆగి, వంగి, ఉన్నిని వేళ్ళతో తడిమాడు.

"ఇది అమ్మ ఇచ్చిందేనా? దీని రంగేమైంది?"

తెర దగ్గర నిలబడిన మెహరాజ్ తడుముకోకుండా చెప్పింది. "పురుగు పట్టిందన్నా. నేనే ఎండలో వేసినా."

"ఉన్నిని ఎండలో వేస్తారా? అమ్మ ఎన్నిసార్లు చెప్పింది నీకు? ఒక్క తివాచీని చూసుకోలేకపోయినావే!"

పెళ్ళికొడుకు తరఫువాళ్ళు తలలు తిప్పి చూశారు. వాళ్ళు మాట్లాడుకున్నది ఉర్దూలో. ఆ సందులో పాతికేళ్ళు కాపురమున్న భారతమ్మకు ఆ భాషలో తిట్లు, నిందలు బాగా అర్థమవుతాయి. తెర వెనక నుంచి ఆమె గొంతు లేచింది.

"ఆయమ్మనేమీ అనొద్దు సామీ! చెడగొట్టింది నేను. పసుపు కాళ్ళతో తొక్కించింది మా ఇంట్లో. సోడా పోసింది నేను. దాచిపెట్టి ఎండబెట్టింది నేనే. మరకలు తీస్తానని ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. నాకు చేత గాలేదు."

మగవాళ్ళ మధ్య కూర్చున్న పరంధామయ్య షర్బత్ గ్లాసు కింద పెట్టి భార్య గొంతు వచ్చిన వైపు చూశాడు. పెద్దన్న తెర వైపు తిరిగాడు. కనిపించని మనిషితో ఎలా కోప్పడాలి? "పరవాలేదమ్మా, కూర్చుంటే కనపడదు" అని తెలుగులో అని, తివాచీ మీద కూర్చున్నాడు. పక్కన పెళ్ళికొడుకు సర్దుకున్నాడు. ఖాజీ గొంతు సవరించుకున్నాడు.

నిఖా అయ్యాక, భారతమ్మ కోసం బయట వంటమనిషితో చేయించిన పులిహోరను ఆకులో పెట్టుకుని మెహరాజ్ విసవిసా వచ్చింది.

"నోరు మూసుకోని ఉండలేవా? నేను చెప్పిందానితో సరిపోయేది గదా. అందరి ముందర అరిచి నా పరువు తీసినావు."

"నీ పరువా, నాదా?"

"మనిద్దరిదీ. ఎంత బాగా చెప్పినా నేను, పురుగు పట్టిందని!"

"ఏం బాగుండాది? మీ అన్న నమ్మినాడా? నిన్నే తిట్టె." భారతమ్మ ఆకు అందుకుంది. "నీకు అబద్ధం చెప్పేది రాదు మెహరాజూ. కూర్చో, పొద్దుట్నుంచీ నిలబడే ఉండావు."

మెహరాజ్ ఆమె పక్కన కూర్చుని, చెంగుతో విసురుకుంటూ, పెళ్ళికొడుకు మేనత్త కట్టుకున్న చీర గురించి గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది.