రామయ్య ఇద్దరు కొడుకులు

2022లో, పత్తి ఏరే రోజులు. జనగామలో తహసీల్ ఆఫీసు ఎదురు సందులో నాదొక చిన్న గది. నిజాం కాలం నాటి భూమి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. వాటిని చదివి తెలుగులో రాసివ్వడం నా పని. మా నాన్న దగ్గర నేర్చుకున్న విద్య ఇది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పట్టా ఎవరి పేరున ఉందో తెలుసుకోవడానికే వస్తారు. సరళ మాత్రం పొలం కోసం రాలేదు.

ఆమె తొర్రూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. అక్కడే పనిచేసే మహేందర్‌ను పెళ్లి చేసుకోవాలనుకుంది. అతనిది చిట్యాల. ఒకే కులం, ఇద్దరివీ వ్యవసాయ కుటుంబాలు. అడ్డు చెప్పేవాళ్లు ఉండరనుకున్నారు. తీరా మాటలకు కూర్చున్నాక, మహేందర్ తాత మల్లయ్య తమ మూలం బచ్చన్నపేట అని చెప్పాడు. తన తాతకు తండ్రి అయిన బక్కయ్య, అక్కడి రామయ్యకు చిన్నకొడుకని గర్వంగా అన్నాడు. ఆ మాట వినగానే సరళ నానమ్మ లచ్చవ్వ చాయ తాగడం ఆపేసిందట. రామయ్య పెద్దకొడుకు వంశమే సరళ వాళ్లది.

"ఇంటిపేరు యేరే అయితే ఏంది, గాళ్లు మా పాలోళ్లే అంటది అవ్వ. అన్నదమ్ముల వంశంల లగ్గం ఎట్ల జేస్తరు అంటది" అని చెప్పింది సరళ. "నిజంగ గంతేనా, కాదా? గదొక్కటి తేల్చు అక్కా. గంతే అయితే మేమే ఇడిసిపెడ్తం."

బక్కయ్య చిట్యాలకు ఇల్లరికం వెళ్లి మామగారి ఇంటిపేరు పెట్టుకున్నాడని రెండు ఇళ్లలోనూ చెప్పుకునేవారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఇలాంటి పనిలో నేను మొదట చూసేది సేత్వార్. నిజాం ప్రభుత్వం భూములు కొలిపించి, ఏ సర్వే నంబరు ఎవరిదో రాయించిన తొలి రిజిస్టరు అది. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించాను. అది చేతికి వచ్చేసరికి చలి ముదిరింది. రామయ్య భూమి ఇద్దరి పేర్ల మీద చెరిసగం ఉంది. పెద్దవాడి పేరు పక్కన ‘వల్ద్ రామయ్య’ అని రాశారు. వల్ద్ అంటే కొడుకు అని. బక్కయ్య పేరు పక్కన ఆ మాట లేదు. దత్తత తీసుకుంటే ‘ముతబన్నా’ అని రాస్తారు. అదీ లేదు. ‘పర్వర్దా రామయ్య’ అని ఉంది. అంటే, రామయ్య పెంచి పెద్దచేసినవాడు.

ఒక్క మాటను పట్టుకొని వంశం తేల్చలేం. రాసిన గుమస్తా పొరబడి ఉండవచ్చు. మా ప్రాంతంలో వంశావళి పాడేవాళ్లున్నారు. పంటలొచ్చాక ఇంటింటికీ వచ్చి, ఆ ఇంటి పెద్దల పేర్లు వరుసగా పాడి వడ్లు తీసుకుంటారు. సరళ వాళ్లింటికి వచ్చే సాయిలు మహబూబాబాద్ దగ్గర ఒక ఊళ్లో ఉంటాడని తెలిసి ఇద్దరం బస్సెక్కాం.

సాయిలు కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. రామయ్య దగ్గరకు వచ్చేసరికి గొంతు సాగదీసి, "ఒకడు కడుపుల పుట్టె, ఒకడు కరువుల దొరికె" అన్నాడు.

"గీ ముక్క మా ఇంట్ల ఎన్నడు పాడలేదేంది?" అంది సరళ.

"పాడుతనే ఉన్న బిడ్డా. మీరు సగంలనే వడ్లు పోసి పంపిస్తరు" అని నవ్వాడాయన.

తర్వాత విడమరిచి చెప్పాడు. కరువు ఏడు వలసపోతున్న జనం వెనుక ఒక పిల్లవాడు తొవ్వ మీద మిగిలిపోయాడు. రామయ్య భార్య ఎత్తుకొచ్చింది. ఎముకలు తేలి ఉన్నాడని బక్కయ్య అని పిలిచారు. పాటలో కొడుకని ఎవరిని చెప్పాలని సాయిలు పెద్దలు అడిగితే, "ఇద్దర్ని చెప్పుండ్రి" అన్నాడట రామయ్య.

తిరుగు బస్సులో సరళ ముఖం వెలిగిపోయింది. రక్తసంబంధం లేదని తేలింది కదా!

ఆ ఆదివారమే తొర్రూరులో వాళ్లింట్లో రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. నేను కాపీ చదివి అర్థం చెప్పాను. సాయిలు చెప్పిందీ చెప్పాను. లచ్చవ్వ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "అయితే రక్తం యేరే. ఇగ ఏం అడ్డం? లగ్గం పెట్టుకుందాం" అంది.

మల్లయ్య మాత్రం నావైపే చూస్తున్నాడు.

"అంటే మేం ఎవలం బిడ్డా?" అన్నాడు. "పెత్రమాసనాడు పోయిన పెద్దల పేరు మీద బియ్యమిచ్చేటప్పుడు బచ్చన్నపేట రామయ్య అనే మొదలువెడ్త. మా నాయిన గట్లనే చెప్పిండు. గా పేరు నాది కాదంటున్నవా?"

"తాతా, మనకు మంచే అయింది గదా" అన్నాడు మహేందర్.

"నీకు మంచే అయింది. నాకు తాతలే లేకుంట అయిండ్రు." ఆయన కండువా భుజాన వేసుకుని లేచాడు. "గీ లగ్గం వద్దు, గా మాట వద్దు."

లచ్చవ్వ గోడ పట్టుకుని లేచి గుమ్మం దాకా వెళ్లింది.

"ఆగు మల్లన్నా. లగ్గానికి రక్తం జూస్తం. పెత్రమాసకు అన్నం బెట్టినోణ్ణి తలుసుకుంటం. రెండు యేరే యేరే ముచ్చట్లు. రామయ్యే కొడుకు అన్నంక, కాదనెటందుకు నేనెవల్ని?" అంది. ఆయన గడప మీద ఆగాడు. "మా ఇంట్ల బక్కయ్య పేరు ఎన్నడు దియ్యలే. ఇల్లరికం పోయినోడు మనకెందుకన్నరు. ఇగ జూడు, మా కొడుకు బియ్యమిచ్చేటప్పుడు గా పేరు గూడ జెప్తడు."

"మీ ఇంట్లనా?"

"మా ఇంట్లనే. రామయ్య కొడుకు బక్కయ్య అనే చెప్తం."

మల్లయ్య కండువాతో ముఖం తుడుచుకుని, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. "జర మంచినీళ్లియ్యి బిడ్డా" అన్నాడు సరళతో. ఆమెతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

మాఘంలో పెళ్లయింది. నన్నూ పిలిచారు.

వంశాలు వెతికే పని ఇప్పటికీ చేస్తున్నాను. ఆ తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. కాగితంలో ఏముందో తెలిశాక పదిమందిని కూర్చోబెట్టి చదవను. ముందు ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లి, పక్కన కూర్చుని, వాళ్లొక్కరికే చదివి వినిపిస్తాను. అందులో ఉన్నది నిజమే కావచ్చు. కానీ పుట్టినప్పటినుంచి ఒక పేరును తనదనుకుని బతికిన మనిషి, ఆ నిజాన్ని మొదటిసారి అందరి ముందూ వినాల్సి రాకూడదు.