మా అవ్వ వండిన ఇటలీ కొర్రమీను

నిన్న పొద్దున షిఫ్ట్‌కి పోవడానికి జడ్చర్లలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. చిన్నాయిన ఫోన్.

"అవ్వ పోయింది బిడ్డా."

"ఏ అవ్వ?" అన్నాను. నిజంగానే అట్లా అడిగాను.

వందకు ఒకటో రెండో తక్కువ వయసు. అయినా మా మరియమ్మ అవ్వ పోతుందని నేనెప్పుడూ అనుకోలేదు. మొన్ననే ఫోన్‌లో నన్ను తిట్టింది, సండే కూడా రాలేదని. అంత గట్టిగా తిట్టిన మనిషి ఒక్క రోజులో ఎట్లా పోతుంది?

ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. కానీ ఈ ఒక్క సంగతి మీ అందరికీ చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

ఐదారేళ్ల కింద డైటింగ్ పిచ్చిలో సూపర్ మార్కెట్ నుంచి ఆలివ్ ఆయిల్ బాటిల్ తెచ్చాను. అవ్వ మూత తీసి వాసన చూసింది. మూత పెట్టి, మళ్లీ తీసి చూసింది.



తర్వాత చిన్నాయినను పిలిచింది. "జర కొర్రమీను పట్టుకరాపో. బతికున్నదే తేవాలె."

బూడిదతో జిగురు పోయేదాకా తోమింది. దొడ్డుప్పు వేసి కడిగింది. చింతపండు లేదు. కారం లేదు. పసుపు కూడా లేదు! ఆ నూనెలో వెల్లుల్లి దంచకుండా సన్నగా కోసి వేసింది. టమాటాలు మగ్గాక తెల్లటి ముక్కలు పరిచి మూత పెట్టింది.

"గిది దవాఖానల పెట్టే కూర లెక్కున్నది అవ్వా" అని నవ్వాను.

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక నవ్వు ఆగిపోయింది. చేపకు తనదంటూ ఒక తియ్యటి రుచి ఉంటుందని, ఇన్నేళ్లూ మేం దాన్ని పులుసులో ముంచేస్తున్నామని ఆ రోజే తెలిసింది.

"ఎవలు నేర్పిన్రే నీకు?"

"మా ఇటలీ ఫాదర్."

అప్పుడు చెప్పింది.

నిజాం రోజుల మాట. నల్లగొండ దిక్కు ఒక ఊళ్లో మిషన్ బంగళా. అందులో ఇటలీ నుంచి వచ్చిన ముసలి ఫాదర్. అప్పటికి పెళ్లి కాని మా అవ్వ ఆయన ఇంటి వంటమనిషి.

వాళ్లమ్మ, చెల్లెలు మాత్రం కోటలాంటి దొర గడీలో వెట్టి చేసేవాళ్లు. కూలి లేకుండా ఊడ్చాలి, దంచాలి, నీళ్లు మోయాలి. వాళ్లింట్లో ఆ వెట్టి నుంచి బయటపడింది అవ్వ ఒక్కతే. బంగళా పని పోతే తనూ గడీకి పోవాల్సిందే.

శుక్రవారాలు ఫాదర్ మాంసం ముట్టడు. ఆ రోజు చేప తానే వండేవాడు. వాళ్ల దేశం నుంచి ఆలివ్ నూనె టిన్నులు, ఉప్పులో ఊరేసిన చిన్న మొగ్గలు వచ్చేవి. పెరట్లో తులసికి చుట్టంలాంటి ఒక ఆకు పెంచేవాడు. దాన్ని చేపలో వేస్తుంటే అవ్వ చెంపలు వేసుకునేదట. అప్పటికి మావాళ్లు ఏసు గుడికి కొత్త, తులసిని మొక్కే అలవాటు ఇంకా పోలేదు.

ప్రపంచ యుద్ధం వచ్చి పార్సిళ్లు ఆగిపోయాయి. నూనె అయిపోయింది. అప్పుడే ఫాదర్‌కు జ్వరం పట్టుకుంది. ఇరవై రోజులు. జావ పోసినా కక్కేవాడు. ఇక ఆశ లేదని డాక్టర్ చెప్పేశాడు.

అవ్వ మాత్రం ఊరుకోలేదు. సీసా అడుగున నాలుగు మొగ్గలున్నాయి. పెరట్లో ఆకు ఉంది. చెరువు నుంచి కొర్రమీను తెప్పించింది. నూనె ఒక్కటే లేదు. నువ్వుల నూనెతో ఆ వాసన రాదు.

గుడి వెనక గది ఊడుస్తుంటే అల్మరాలో చిన్న సీసా కనబడింది. వాసన చూసింది. అదే నూనె! చుక్క మిగల్చకుండా గిన్నెలో పోసేసింది.

ఆ వాసనకే ఫాదర్ కళ్లు తెరిచాడట. ఒక ముక్క తిన్నాడు. కక్కలేదు. ఇంకొకటి అడిగాడు.

అంతలో ఖాళీ సీసా పట్టుకుని, ఫాదర్ కింద ఊరివాళ్లకు ప్రార్థనలు నేర్పే ఉపదేశి ఉరికొచ్చాడు. అది బిషప్ దీవించి పంపిన నూనె. రోగుల నుదుట పూసి ప్రార్థన చేసే నూనె. ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

"గుడి నూనె చేపల పోస్తవా? రేపటి సంది నీకు గీడ పని లేదు, పో!"

అవ్వకు గడీ వాకిలి కళ్ల ముందుకొచ్చింది.

మంచం మీంచి ఫాదర్ తన వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"ఆ నూనె ఎవరికి?"

"రోగులకు ఫాదర్" అన్నాడు ఉపదేశి.

"నేను ఎవరు?"

ఉపదేశి ఖాళీ సీసా పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఫాదర్ గిన్నె ఖాళీ చేశాడు.

నెల తర్వాత లేచి నడిచాడు. అవ్వను పిలిచి, "నీకు ఏం కావాలి?" అన్నాడు.

నేనైతే జీతం పెంచమనేదాన్ని. నిజం చెప్తున్నాను.

మా అవ్వ అడిగింది ఇది: "మా యమ్మను, చెల్లెను గడీలకెళ్లి తోలుకరాండ్రి."

ఆ కాలంలో దొర ముందు ఆ మాట అనాలంటే పటేళ్లకే వణుకు. ఫాదర్ ఇంకా సరిగ్గా నిలబడలేని ఒంటితో బండి కట్టించుకుని గడీకి పోయాడు. దొరతో ఏం మాట్లాడాడో అవ్వకు కూడా తెలియదట, సాయంత్రానికి ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ చెల్లెలే మిషన్ బడిలో చదువుకుని మా ఇంట్లో మొదటి టీచర్ అయింది. ఆమె దగ్గరే మా నాయిన అక్షరాలు దిద్దాడు.

ఫ్రెండ్స్, నేనిప్పుడు ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకుని నిలబడుతున్నాను. ఒక పూట వంటతో ఒక మనిషి అంత పని చేయగలదా అని ఇప్పటికీ అనుకుంటాను.

నిన్న సాయంత్రం పిడికెడు మట్టి వేసి వచ్చాను.

అవ్వా, మమ్మల్నందరినీ నిలబెట్టి నువ్వు పడుకున్నవు. దేవుడు నిన్ను సల్లగ సూడాలె. జాగర్త అవ్వా, పైలం.